మన హైస్కూలు మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

(బడులు తెరిచే ముందు ఒక మండల శాఖా గ్రంథాలయంలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. ముందు వరుసంటే భయం మనకు బడిలోనే పట్టుకున్నట్టుంది. (నవ్వులు)

నేను ఉద్యోగం చేసిందంతా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లోనే. రిటైరైనా జూన్ నెల వస్తే నాకు తీరిక ఉండదు. సంతలో ఆపి అడుగుతారు, పెళ్లి భోజనంలో పక్కన కూర్చుని అడుగుతారు: "మాస్టారూ, మా వాణ్ణి మన హైస్కూల్లో వేయమంటారా, వద్దా?" నేను వేయమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఒకసారి బడికి వెళ్లి ఫలానావి చూసి రమ్మంటాను. చాలామంది వెళ్లరు. ఫలానావి అంటే ఏమిటో నేను సరిగ్గా చెప్పలేదేమోనని ఈ రోజు కొంచెం తీరిగ్గా చెబుదామని వచ్చాను.

బడి గురించి మనం మొదట అడిగే మాట, "పదో తరగతి ఎంత శాతం?" టీవీలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని ర్యాంకులు అరిచే ప్రకటనలు విని విని మనకు ఇంకో ప్రశ్న తోచకుండా పోయింది. సరే, శాతం దగ్గరే మొదలుపెడదాం. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. ఆ తర్వాత రెండేళ్లు కరోనా వల్ల పరీక్షలే లేవు, అందరినీ పాస్ చేశారు. 2022లో పరీక్ష పెడితే 67.26 శాతం వచ్చింది. 2024కల్లా 86.69కి లేచింది. 2025లో 81.14. మధ్యలో మా ఉపాధ్యాయులంతా పాఠం చెప్పడం మరిచిపోయి మళ్లీ నేర్చుకున్నారంటారా? బడులు మూతపడిన దెబ్బ గట్టిగానే తగిలింది, కాదనను. కానీ పరీక్ష కూడా మారింది. 2019 వరకు నూటికి ఇరవై మార్కులు బడిలోనే వేసేవారు. ఆ తర్వాత అవి పోయాయి. పేపర్ల సంఖ్యా తగ్గింది. కాబట్టి పోయినేడు మన బడికి తొంభై వచ్చి ఈ ఏడు ఎనభై వస్తే, వెంటనే బడి చెడిపోయిందని తీర్మానించకండి. ముందు ఆ ఏడు జిల్లాకు ఎంత వచ్చిందో చూడండి.

శాతంతో ఇంకో చిక్కు ఉంది. పన్నెండు మంది రాసిన బడిలో ఒక్క పిల్ల ఫెయిలైతే ఎనిమిది శాతం పైగా పడిపోతుంది. నూట నలభై మంది రాసిన బడిలో ఆ ఒక్క పిల్ల కంటికే కనిపించదు. ఇక నూటికి నూరు శాతం అని గేటు మీద ఫ్లెక్సీ కట్టిన బడి దగ్గర నేను ఎప్పుడూ ఒక లెక్క అడుగుతాను. ఆరో తరగతిలో నలభై మంది చేరారనుకోండి. పదో తరగతి హాజరు పట్టీలో ఇరవై ఇద్దరే ఉన్నారు. ఇరవై ఇద్దరూ పాసయ్యారు. నూరు శాతమే, అబద్ధం కాదు. మిగిలిన పద్దెనిమిది మంది ఎక్కడ? కొందరు టి.సి. తీసుకుని వేరే బడికి వెళ్లి ఉంటారు, కొందరు అమ్మానాన్నలతో వలసపోయి ఉంటారు. అది సహజం. కొందరు మెకానిక్ షెడ్డులో ఉంటారు. ఒకరిద్దరు ఆడపిల్లల మెడలో తాళి పడి ఉంటుంది. ఫ్లెక్సీలో వీళ్ల ఫోటోలు ఉండవు. అందుకని శాతం అడిగే బదులు, ఈ బ్యాచ్ ఎనిమిదిలో ఎంతమంది, తొమ్మిదిలో ఎంతమంది, పరీక్షల శాఖకు పంపిన నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలో, ఎంతమంది అని అడగండి. ఫెయిలైన పిల్లల్ని మే నెలలో ఇంటి నుంచి పిలిపించి సప్లిమెంటరీకి చదివించారా అనీ అడగండి. నన్నడిగితే, ఎండల్లో నలుగురు ఫెయిలైన పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టి చదివించిన మాస్టారు ఉన్న బడి, ఏ ఫ్లెక్సీ ఉన్న బడికంటే మంచిది.

ఇప్పుడు అసలు విషయం. ఉత్తీర్ణత శాతం చాలాసార్లు బడిని కొలవదు, ఆ బడిలో చేరిన పిల్లలను కొలుస్తుంది. మన మండలంలోనే చూడండి. ఐదో తరగతికి గురుకులం పరీక్ష ఉంది. ఆరుకు నవోదయ ఉంది, మోడల్ స్కూలు ఉంది, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయం ఉంది. కాస్త చురుకైన పిల్లలు, దరఖాస్తు పెట్టాలన్న ధ్యాస ఉన్న తల్లిదండ్రుల పిల్లలు ఈ జల్లెడల్లో ఒకదాంట్లో నిలుస్తారు. డబ్బున్నవాళ్లు ప్రైవేటుకు పోతారు. అందరూ పోగా మిగిలిన పిల్లలు జూన్‌లో జిల్లా పరిషత్ హైస్కూలు ఆరో తరగతిలో కూర్చుంటారు. వాళ్లలో తెలుగు వాక్యం కూడబలుక్కుని చదివేవాళ్లు ఉంటారు. ఇది నేను మన ఊరిని చిన్నబుచ్చడానికి అనడం లేదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి అసర్ పేరుతో పిల్లల చదువుల మీద సర్వే చేస్తోంది. వాళ్ల 2023 నివేదికలో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల్ని పరీక్షించారు. నలుగురిలో దాదాపు ఒకరు సొంత భాషలో రెండో తరగతి పాఠం ధారాళంగా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క చేయగలిగింది 43.3 శాతమే. ఇది దేశంలోని కొన్ని జిల్లాల లెక్క. పదో తరగతి వయసు పిల్లల సంగతి, గమనించండి.

అలాంటి పిల్లవాణ్ణి ఆరులో తీసుకుని, పదికి వచ్చేసరికి సొంతంగా ఒక పేరా రాసేలా, బ్యాంకు వడ్డీ లెక్క కట్టుకునేలా చేసి పంపిన బడి ఉంటుంది. ఆ పిల్లవాడికి నాలుగు వందల మార్కులే వచ్చి ఉండవచ్చు. ఏరి తెచ్చుకున్న పిల్లలతో ఐదు వందల యాభై తెప్పించిన బడి ఉంటుంది. ఈ రెండింటిలో ఎక్కువ పని చేసిన బడి ఏది? మార్కులు చూసి చెప్పలేరు. పిల్లవాడు ఎక్కడ మొదలుపెట్టాడో తెలియాలి. ఆరో తరగతి మొదట్లో చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించి ఆ జాబితా దాచుకునే బడులు ఉన్నాయి. ఆ జాబితా ఉందా, దాని మీద ఏం చేశారు అని ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి. కాగితం తీసి చూపిస్తే సగం జవాబు దొరికినట్టే. "పిల్లలు ప్రైమరీలోనే పాడైపోయారండీ" అని మొదలుపెడితే మిగతా సగం కూడా దొరికినట్టే. (నవ్వులు)

సరే, బడికి వెళ్లారు. ఏం చూడాలి? మొదట టైమ్‌టేబుల్ చూడండి. హెడ్మాస్టరు గదిలో గోడకు ఉంటుంది. హైస్కూలుకు తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితం, భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం, వ్యాయామం, ఇన్ని కావాలి. ప్రతి సబ్జెక్టు పక్కన ఒక పేరు ఉండాలి. కొన్నిచోట్ల పోస్టు ఉంటుంది, మనిషి ఉండడు. ఇంకొన్నిచోట్ల మనిషి ఉంటాడు, డిప్యుటేషన్ మీద వేరే ఊళ్లో ఉంటాడు. జీవశాస్త్రం టీచరమ్మ చేత తొమ్మిదో తరగతి లెక్కలు చెప్పిస్తుంటారు. ఆవిడ తప్పేమీ లేదు, ఆమె రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని లెక్కలు నేర్చుకుని వస్తుంది పాపం. టీచర్ల నియామకానికి పెట్టిన 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు, తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ పెట్టారు, సంతోషమే. అందులో మన బడికి ఎవరు వచ్చారు, ఏ సబ్జెక్టుకు వచ్చారు అన్నది మనకు ముఖ్యం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది వరకు ముప్పై ఐదు మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. వంద మంది దాటితే పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు ఉండాలి. ఎఫ్.ఎ.సి. మీద, అంటే అదనపు బాధ్యత కింద, ఒకే హెడ్మాస్టరు రెండు బడులు చూస్తుంటే, రెండు బడులకూ హెడ్మాస్టరు లేనట్టే లెక్క వేసుకోండి.

బడికి వెళ్లకుండా కొంత తెలుసుకోవచ్చు కూడా. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, అంటే కేంద్ర విద్యాశాఖ బడుల వివరాల పట్టీలో ఆ బడి నంబరు. ఫోనులో ఆ కోడ్ కొడితే తరగతివారీగా పిల్లలు, ఉపాధ్యాయులు, గదులు, మరుగుదొడ్లు అన్నీ వస్తాయి. ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఆ వివరాలు నింపేది బడివాళ్లే. మరుగుదొడ్లు ఉన్నాయని అందులో ఉంటుంది. దానికి తాళం వేసి ఉందా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అన్నది ఉండదు.

ఇక నోటుపుస్తకాలు. దీని మీద కొంచెంసేపు ఉంటాను, ఏమీ అనుకోకండి. బడి గురించి నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, ఎనిమిదో తరగతి లెక్కల నోటుపుస్తకాలు నాలుగు ఇవ్వండి చాలు. ఫస్టు వచ్చే పిల్లది కాదు, మధ్యలో కూర్చునే పిల్లలవి. నేనొక బడిలో చూశాను. పేజీ నిండా ఎర్రసిరా రైటు మార్కులు, కింద సంతకం, తేదీ. ముచ్చటగా ఉంది. మూడో లెక్కలో పిల్లవాడు ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు ఏ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాశాడు. దాని మీద కూడా రైటు మార్కే. పేజీలు తిప్పితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా అన్ని తేదీలూ ఒకే కలంతో, ఒకే వాలుతో, ఒకే ఊపులో పడ్డాయి. తనిఖీ ఉందని తెలిసి ఒక్క పూటలో దిద్దిన పుస్తకాలవి. ఆ పిల్లవాడు అదే తప్పును తొమ్మిదికి తీసుకెళ్తాడు, పదికి తీసుకెళ్తాడు, ఇంటర్‌కు కూడా తీసుకెళ్తాడు.

ఇంకో బడిలో చూసిన పుస్తకం దీనంత అందంగా లేదు. కొట్టివేతలు, చుట్టిన సున్నాలు. అదే తప్పు అక్కడా ఉంది. దాని పక్కన టీచరు చిన్న అక్షరాలతో రాశారు: "మధ్యలో 2ab ఏమైంది?" కింద పిల్లవాడు ఏ బదులు మూడు, బి బదులు నాలుగు వేసి చూసుకున్నాడు. ఒకవైపు నలభై తొమ్మిది వచ్చింది, ఒకవైపు ఇరవై ఐదు వచ్చింది. ఆ రెండు అంకెల కింద గట్టిగా గీత గీశాడు. తర్వాత లెక్క మళ్లీ చేశాడు. తల్లిదండ్రుల్లో లెక్కలు రానివాళ్లు ఉంటారు, చదువే రానివాళ్లు ఉంటారు. ఫరవాలేదు. టీచరు దిద్దిన తర్వాత పిల్లవాడు మళ్లీ ఏమైనా రాశాడా అని చూడండి. అది చూడడానికి అక్షరాలు రానక్కర్లేదు.

పాఠ్యపుస్తకం కూడా తెరిచి చూడండి. ఇప్పుడు మన రాష్ట్రంలోనూ తెలంగాణలోనూ పుస్తకాలు ద్విభాషలో ఇస్తున్నారు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఏ వైపు పెన్సిలు గీతలు ఉన్నాయో, ఏ వైపు వేలిముద్రలు పడి నలిగిందో చూడండి. ఇంగ్లీషు మీడియం బడి అన్నారు, ఇంగ్లీషు పేజీ తెల్లగా కొత్తగా ఉంది, తెలుగు పేజీ నలిగి ఉంది అంటే పాఠం తెలుగులో నడుస్తోందని అర్థం. అందులో నాకేమీ తప్పు కనిపించదు. అర్థమైన భాషలో అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషులోకి దాటడం మంచి పద్ధతే. రెండు పేజీలూ కొత్తగా ఉండి, పక్కన గైడు నలిగి ఉంటేనే కంగారు పడాలి.

(సభలో ఒక తల్లి: సార్, ఇప్పుడు మన బడి భవనాలు బాగున్నాయి కదా, అవి లెక్కలోకి రావా?)

వస్తాయమ్మా. రాకేం. బడులను బాగుచేసే నాడు-నేడు పథకం 2019 నవంబరు 14న మొదలైంది. మొదటి దశలోనే 15,715 బడులు తీసుకున్నారు. తెలంగాణలో 2022లో అలాంటిదే మన ఊరు - మన బడి మొదలుపెట్టారు. మేము చదువు చెప్పే రోజుల్లో వాన వస్తే మూడు తరగతులను ఒక వరండాలోకి తోలేవాళ్లం. ఇప్పుడు బల్లలు వచ్చాయి, మంచినీళ్లు వచ్చాయి, బోర్డులు వచ్చాయి. కాదన్నవాడు పాపాత్ముడు. కానీ భవనం కట్టిన ఏడాది ఎలా ఉందో కాదు, మూడో ఏడాది ఎలా ఉందో చూడాలి. ఆడపిల్లల మరుగుదొడ్డిలో మధ్యాహ్నం రెండు గంటలకు కుళాయి తిప్పి చూడండి. పొద్దున తొమ్మిదికి ఎక్కడైనా నీళ్లు వస్తాయి. మీ అమ్మాయి నీళ్ల సీసా ఇంటికి నిండుగా తిరిగి తెస్తోందంటే, బడిలో నీళ్లు తాగడం మానేసిందంటే, కారణం అక్కడ ఉంటుంది. దీని గురించి అడగడానికి మొహమాటం వద్దు. 2025లో పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే తల్లికి వందనం పదిహేను వేలలో రెండు వేలు బడుల నిర్వహణకని మినహాయించుకునే మీ ఖాతాల్లో పదమూడు వేలు వేశారు. ఆ రెండు వేలూ మీవే. శుభ్రం చేసే ఆయాకు జీతం సరిగ్గా అందుతోందా అని కూడా అడగండి. చీపురు పట్టేది ఆమే కదా.

ప్రయోగశాల, గ్రంథాలయం సంగతి ఒక్క మాటలో చెబుతాను. బీరువా తాళం తీయడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. నేనొక చోట సైన్సు గదిలో సూక్ష్మదర్శిని చూపించమంటే అట్టపెట్టె తెచ్చారు. లోపల థర్మకోల్ ముక్కలు వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. మధ్యాహ్న భోజనం గురించీ ఎక్కువ చెప్పను. మన దగ్గర తొమ్మిది, పది తరగతులకు కూడా పెడుతున్నారు. మీరు ఒక రోజు వెళ్లి పిల్లలతో పాటు కూర్చుని తినండి, మరో రోజు ఎంతమంది పిల్లలు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటున్నారో చూడండి. అంతకన్నా వేరే తనిఖీ అక్కర్లేదు.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. "మీ బడి నుంచి ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష ఎంతమంది రాశారు?" ఇది ఎనిమిదో తరగతి పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనం. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకు మాత్రమే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి పన్నెండు వేలు, మొత్తం నలభై ఎనిమిది వేలు. ఇందులో బడి నాణ్యత ఎక్కడుంది అంటారా? ఆ దరఖాస్తు దానంతట అది వెళ్లదు. ఒక మాస్టారు పిల్లల ఇళ్లకు కబురు పెట్టి ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం తెప్పించాలి, ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, ఆధార్‌లో పేరు తేడా ఉంటే సరిచేయించాలి, సాయంత్రం ఉండి పాత ప్రశ్నపత్రాలు చేయించాలి. దీనికి ఆయనకు అదనంగా ఒక్క రూపాయి రాదు. ఒక బడి నుంచి ముప్పై మంది రాశారంటే అక్కడ అలాంటి మనిషి ఒకరు ఉన్నారు. ఎవరూ రాయలేదంటే లేరు. ఎంపికైనవాళ్ల సంఖ్య కంటే రాసినవాళ్ల సంఖ్యే నాకు ముఖ్యం. ట్రిపుల్ ఐటీల విషయంలోనూ అంతే. ప్రభుత్వ బడి పిల్లలకు నూజివీడు, ఇడుపులపాయ లాంటి చోట్ల ప్రవేశాల్లో నాలుగు శాతం అదనపు స్కోరు ఉందన్న సంగతి పదో తరగతి పిల్లలకు ఎవరైనా చెప్పారా? మీ పిల్లల్ని అడిగితే తెలుస్తుంది.

తల్లిదండ్రుల సమావేశాలు ఇప్పుడు ఘనంగా జరుగుతున్నాయి. 2024 డిసెంబరు 7న ఒకసారి, 2025 జులై 10న ఇంకోసారి రాష్ట్రమంతా ఒకే రోజు పెట్టారు. రంగవల్లులు, తల్లులకు ఆటల పోటీలు, నాయకుల ఉపన్యాసాలు, ఫోటోలు. బాగుంది. అంత హడావుడిలో టీచరుతో మీకు దొరికేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ "మా వాడు ఎలా చదువుతున్నాడండీ?" అని అడిగితే, "తెలివైనవాడే, శ్రద్ధ పెట్టాలి" అంటారు. ఈ జవాబు మా నాన్నగారికీ చెప్పారు. (నవ్వులు) దానికి బదులు, "ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నాడు?" అని అడగండి. "సార్, భిన్నాలు కూడడం రావడం లేదు, హారాలు కూడా కూడేస్తున్నాడు" అని తడుముకోకుండా చెప్పిన టీచరు దొరికితే, ఆ బడి గురించి మీరు ఇంకెవరినీ అడగక్కర్లేదు. నలభై మందిలో మీ పిల్లవాడు ఆ టీచరు కంట్లో ఉన్నాడన్నమాట.

(సభలో ఒక తండ్రి: మాస్టారూ, ఇవన్నీ చూశాం. లెక్కల పోస్టు ఖాళీ అని తేలింది. అప్పుడు బడి మార్చడం తప్ప మేం చేయగలిగింది ఏముంది?)

మార్చగలిగినవాళ్లు మారుస్తారు, నేను వద్దనను. మార్చలేనివాళ్ల సంగతి చెబుతాను. పాఠశాల యాజమాన్య కమిటీ అని ఒకటి ఉంది. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న వీటికి ఎన్నికలు జరిగాయి. మీ తరగతి నుంచి ఎవరు ఎన్నికయ్యారో మీకు తెలియకపోతే రేపు పొద్దున బడికి వెళ్లి కనుక్కోండి, ఆ పేర్లు అక్కడ ఉంటాయి. కమిటీ చేత తీర్మానం రాయించండి. ఊరికే ఉపాధ్యాయుల కొరత ఉందని కాదు, ఫలానా తేదీ నుంచి గణితం స్కూల్ అసిస్టెంట్ లేరు, తొమ్మిది, పది తరగతులకు వారానికి ఇన్ని పీరియడ్లు జరగడం లేదు అని రాయించండి. దాన్ని మండల విద్యాధికారికి (ఎం.ఇ.ఓ.) ఇచ్చి, నకలు జిల్లా విద్యాధికారి (డి.ఇ.ఓ.) కార్యాలయానికి పంపండి. కొత్త పోస్టు అడిగితే ఏళ్లు పడుతుంది. పక్క బడిలో లెక్కల టీచర్లు అవసరానికి మించి ఉంటే సర్దుబాటు కింద ఒకరిని పంపమని అడగండి, అది వాళ్ల చేతిలో ఉన్న పని. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నెలలో జవాబు రాకపోతే ఆ కాగితం మీద ఏం చర్య తీసుకున్నారని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఇవన్నీ జూన్, జులై నెలల్లోనే చేయాలి. దసరా సెలవులు దాటాక ఎవరు వచ్చినా సిలబస్ పరిగెత్తిస్తారు తప్ప పాఠం చెప్పలేరు.

మీ అబ్బాయి ఏ తరగతి? తొమ్మిదా? అయితే మీకు ఇంకా రెండు జూన్‌లు ఉన్నాయి. వచ్చే సోమవారం నేను ఎలాగూ ఎం.ఇ.ఓ. కార్యాలయం వైపు వెళ్తున్నాను, తీర్మానం రాసుకుని రండి, కలిసి వెళ్దాం.